పాలిష్ మిషిన్ ఆగిన యేడు

గద్వాలల అబ్దుల్ ఖాదర్ అంటె "ఏ ఖాదర్?" అని అడుగుతరు. పాలిష్ ఖాదర్ అంటె మాత్రం ఇల్లు కట్టిన ప్రతి ఒక్కరికీ తెలుసు. పరిచిన బండలు గరుకుగ, మచ్చలు మచ్చలుగ ఉన్నప్పుడు ఆయన మిషిన్ వస్తది. అది వాపస్ పోయేటప్పటికి ఆ బండలల్ల మొకం చూసుకోవచ్చు. పెండ్లయిన కొత్తల మొదలుపెట్టిన పని, గడ్డం నెరిసేదాంక అదే పని.

పని మంచిగ నడిచిన రోజులల్ల పగటిపూట ఆయన ఇంట్ల కనపడుడే తక్కువ. గద్వాల జిల్లా అయినంక ఊరు చుట్టూ వెంచర్లు పడ్డయి. పొలం అమ్మినోడు ఇల్లు కట్టె, కొన్నోడు ఇల్లు కట్టె, ఇద్దరికీ నడుమ బేరం కుదిర్చినోడు రెండంతస్తులు కట్టె. ఒక ఇంట్ల పాలిష్ అయితుండంగనె ఇంకో ఇంటోళ్లు వచ్చి దర్వాజ కాడ నిలబడేటోళ్లు. ఇటు ఇటిక్యాల, అటు వడ్డేపల్లి, ఒక్కోసారి వనపర్తి దాంక మిషిన్‌ను ట్రాలీ ఆటోల ఏసుకొని పోయేటోడు.

తర్వాత అంతా మెల్లగ చల్లబడ్డది. ముందు ప్లాట్లు కొనేటోళ్లు తగ్గిండ్రు. కొన్నోళ్లు మళ్ల అమ్మబోతె అడిగేటోడు లేడు. పిల్లర్ల దాంక లేసిన ఇండ్లు పిల్లర్ల కాడనె ఆగినయి, సలాకలు తుప్పు పట్టవట్టినయి. ఖాదర్ చేసేది ఇంటికి ఆఖరు పని. అందుకే మేస్త్రీలు ఖాళీ అయినంక గూడ ఆయనకు కొన్నాళ్లు చేతినిండ పని ఉండె. మొదలుపెట్టిన ఇండ్లు ఒక్కొక్కటే పూర్తయినయి, కొత్తయి లేవలేదు. ఎండలు ముదిరే ముందల ఒకనాడు ఆయన మిషిన్ కడిగి, వాకిట్ల రేకుల కింద పెట్టి, మీద పట్ట కప్పిండు. తోడు పనిచేసే ఇమ్మానుయేల్ హైదరాబాద్ పోయి ఏదో గోదాంల చేరిండు.

ఇగ ఇంట్లనె ఉండుడు మొదలైంది. భార్య నూరున్నీసా కిటికీ కాడ కూసోని చీరలకు ఫాల్స్ కుడుతది. ఆమె కుట్టుమిషిన్ తొక్కుతుంటె ఈయన మంచం మీద కూసోని చూసేటోడు. ఇన్నేండ్లల్ల పగటి ఎండ ఆ ఇంట్ల ఏ మూలకు ఎప్పుడు వస్తదో ఆయనకు తెల్వనే తెల్వదు. ఇప్పుడు తెలుస్తున్నది. కుట్టుమిషిన్ చక్రం తిరుగుతది, సూది లేస్తది, దిగుతది. దాని చప్పుడు మాత్రం రాదు. కొత్త నూనె ఏసిందేమో అనుకున్నడు.

పొద్దుగాల పాత బస్టాండ్ కాడి చాయ్ హోటల్‌కు పోయేటోడు. పనిలేని మేస్త్రీలు, సెంట్రింగోళ్లు, కరెంటు పనోళ్లు, పెయింటర్లు అంత ఆడనె చేరుతరు. పని ఉన్నప్పుడు ఎవరి తొవ్వ వాళ్లది. ఇప్పుడు కూసోని మాట్లాడుకునుడే పని. ఖాదర్ ఇన్నేండ్లు మోత నడుమ చేతి సైగలతోని బతికినోడు. నీళ్లు పొయ్యి అంటె ఒక సైగ, ఆపు అంటె ఒక సైగ, ఇగ చాలు అంటె ఒక సైగ. ఎవరు ఏమన్నరో వినాల్సిన అక్కర పడలేదు. ఇప్పుడు మిగిలినయే మాటలు. ఆ మాటలు ఆయన దాంక వచ్చేసరికి, నీళ్లల్ల మునిగినోడికి ఒడ్డు మీద మనుషుల మాటలు వినపడినట్టు వినపడుతున్నయి. అందరు నవ్వితె ఈయన గూడ నవ్వేటోడు. అందరు తలకాయ ఊపితె ఊపేటోడు. చాయ్ అయిపోయినంక లేసి వచ్చేటోడు. ఇంటికొచ్చినంక ఎందుకో బాగ అలసట అనిపిచ్చేది, దినమంత బండలు రుద్దినా అంత అలసట లేకుండె.

ఒకనాడు సోమయ్య మేస్త్రి ఇంటి మీదికి వచ్చిండు. ఖాదర్‌కు సగానికి సగం పనులు చూపెట్టేది ఆయననే. ఎప్పుడొచ్చినా లోపలికొచ్చి మంచినీళ్లు అడిగేటోడు. ఆ రోజు వాకిట్లనె నిలబడ్డడు.

"ఖాదర్ భాయ్, నువ్వు గిట్ల చేస్తవనుకోలె."

"ఏమైంది సోమన్నా?"

"ఏమైందా? హోటల్ల చెప్తి గద! ఇటిక్యాలల చంద్రమ్మ ఇల్లు, బేస్తారం పొద్దుగాల మిషిన్ తీస్కొని రా అంటి. తలకాయ ఊపినవు. నవ్వినవు గూడ. ఆమె ఇల్లంత ఊడ్చి, డ్రమ్ములు నింపి, పొద్దూకేదాంక నీ తొవ్వ చూసింది. ఫోన్ చేస్తె ఎత్తలె. నా మాట ఏం గావాలె?"

ఈ మాటలన్నీ ఖాదర్‌కు మంచిగనె వినపడ్డయి, సోమయ్య కోపంల అరుస్తుండు గనుక. ఆయన నోట్ల నుంచి మొదలు వచ్చిన మాట, "జరం వచ్చింది సోమన్నా."

"వస్తె ఒక మాట చెప్పరాదా? గీ రోజులల్ల పని దొరుకుడే గగనం. దొరికిన పనిని గిట్ల చేతులార పారేస్కుంటరా ఎవరన్న?"

సోమయ్య పోయిండు. ఖాదర్ లోపలికొచ్చి మంచం మీద కూసున్నడు. నూరున్నీసా కుట్టుడు ఆపి, లేసి వచ్చి ఆయన పక్కన కూసున్నది. కుడి పక్కన.

"జరం ఎప్పుడొచ్చింది తస్లీమ్ అబ్బా?" బిడ్డ పేరు మీదనె ఆమె ఎప్పుడు ఆయనను పిలిచేది.

ఆయన దిండు సర్దుకోని పండుకోబోయిండు.

"మీకు వినపడలె," అన్నది ఆమె. "సోమన్న చెప్పింది మీకు వినపడలె."

"హోటల్ల గోల ఉంటది. ఎవరికి వినపడుతది?"

"గోల కాదు. ఏండ్ల సంది."

ఖాదర్ లేసి వాకిట్లకు పోయిండు. మిషిన్ మీది పట్ట సర్దిండు, సర్దేదేం లేకున్నా. మళ్ల లోపలికొచ్చిండు.

"ఏండ్ల సంది అంటవేంది? నాకు తెల్వనిది నీకెట్ల తెలుసు?"

నూరున్నీసా మొకంల కోపం లేదు. "మీరు ఎడమ దిక్కు నుంచి పిలిస్తె పలుకరు. అందుకే నేను ఎప్పుడు కుడి దిక్కు కూసుంట. బండి మీద గూడ కుడి భుజం మీదికెల్లి మాట్లాడ్త. మసీదుల అజాన్ అయితె నేనొచ్చి చెప్తనా లేదా? మిమ్మల్ని ఎవరన్న పిలిస్తె ముందు నేను పలుకుతనా లేదా?"

ఆయన ఒక్కొక్కటే యాదికి తెచ్చుకున్నడు. అన్నీ నిజమే.

"మరి చెప్పకపోతివి?"

"చెప్తె ఏం చేస్తురు? పని బంద్ పెడుదురా? పొద్దుగాల మిషిన్ ఎక్కించేటప్పుడు మీ మొకంల ఒక ఖుషీ ఉంటుండె. అది చూస్తె నాకు నోరు రాలె. నేనే గొంతు పెంచుకుంటి. అదేమంత పెద్ద పని?"

ఖాదర్‌కు అప్పుడు ఇంకోటి తట్టింది. పక్కింటి భీమమ్మ ఒకసారి నవ్వుకుంట అన్నది, ఖాదర్ భాయ్, నీ పెండ్లాం నోరు గల్లీ చివర దాంక వినపడుతది అని. గల్లీల అందరు నూరున్నీసాను గయ్యాళి అనే అనుకుంటరు. మొగని మీద అరుస్తది అని చెప్పుకుంటరు. ఆయన గూడ ఒకటి రెండుసార్లు, జర మెల్లగ మాట్లాడరాదా, జనం ఏమనుకుంటరు అని కసిరిండు.

"భీమమ్మ గట్ల అంటె నువ్వు ఎందుకు ఊకున్నవు?"

"అనుకోనీ," అన్నది నూరున్నీసా. "మిమ్మల్ని చెవిటోడు అనే బదులు నన్ను గయ్యాళి అంటె పోయేదేముంది?"

ఖాదర్ తలకాయ వంచుకున్నడు. ఆమె చెయ్యి మీద చెయ్యి ఏసిండు. ఆ చెయ్యి సూది పోట్లతోని గరుకుగ ఉన్నది.

ఆ ముచ్చట తెల్లారేసరికి వనపర్తి దాంక పోయింది. వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ తస్లీమ్‌ను ఇచ్చింది వనపర్తిలనె. తల్లి ఫోన్ల చెప్పంగనె ఆమె బస్సెక్కి వచ్చింది. వచ్చీ రాంగనె తండ్రి ముందల కూలబడి ఏడ్వబట్టింది.

"ఏందిరా బిడ్డా, ఎవరన్న ఏమన్న అన్నరా?" అని ఖాదర్ పరేషాన్ అయిండు.

"ఫోన్ చేసినప్పుడల్ల రెండు మాటలు మాట్లాడి 'అమ్మీకిస్త' అంటవు అబ్బా. పెండ్లయి పోయిన గద, ఇగ నా మీద మనసు లేదనుకున్న. మా అత్తమ్మ గూడ అడిగింది, మీ అబ్బ నీతోని మాట్లాడడా అని."

ఖాదర్ బిడ్డను లేపి తన కుడి పక్కన కూసోపెట్టుకున్నడు. "నీ గొంతు సన్నగ ఉంటది బిడ్డా. నువ్వు ఏదో చెప్తవు, నాకు సగం అందదు. నువ్వు బాధ చెప్తుంటె నేను 'మంచిదే, మంచిదే' అంటనేమో అని భయం. అందుకే మీ అమ్మీకిచ్చేది."

"నాతోనన్న చెప్పొద్దా?"

"అది నా చెవుల తప్పని నాకే తెల్వదు గద."

తస్లీమ్ కండ్లు తుడుచుకోని, తండ్రిని ఆ రోజే దవాఖానకు తీస్కపోయింది. డాక్టరమ్మ చెవులల్ల లైటు పెట్టి చూసింది. ఏం పని చేస్తవు అని అడిగింది. ఇన్నేండ్ల మిషిన్ మోతకు లోపలి నరాలు దెబ్బతిన్నయి, పోయింది వాపస్ రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలె అన్నది. మిషిన్ కాడ చెవులు మూసుకోకుండ పనిచేయొద్దని గట్టిగ చెప్పింది. చెవి మిషిన్ కోసం పెద్ద దవాఖానకు రాసిచ్చింది. ఖాదర్ అన్నిటికీ తలకాయ ఊపిండు. బయటికొచ్చినంక తస్లీమ్ ఆయన ముందల నిలబడి, "ఇప్పుడు ఆమె ఏం చెప్పిందో చెప్పు అబ్బా," అన్నది. ఖాదర్ నవ్విండు. "సగం నువ్వు చెప్పు, సగం నేను చెప్త."

నూరున్నీసా ఆ పొద్దు వాళ్లతోని దవాఖానకు రాలె. బుర్ఖా ఏసుకోని నేరుగ సోమయ్య ఇంటికి పోయింది. సోమయ్య వసారల కూసోని మోకాళ్లకు నూనె రాసుకుంటుండు. ఆమెను చూసి గబగబ పంచె కిందికి గుంజుకున్నడు.

"అన్నా, నిన్న ఆయన నీకు అబద్ధం చెప్పిండు," అన్నది నూరున్నీసా. "జరం రాలె. నువ్వు చెప్పింది ఆయనకు వినపడలె. శానా దినాల సంది వినపడుతలేదు. సిగ్గుపడి జరం అన్నడు."

సోమయ్య ముందు ఆశ్చర్యపోయింది ఆమె మాటకు కాదు, గొంతుకు. ఈమె గింత మెల్లగ మాట్లాడుతదా అనుకున్నడు. తర్వాత మాట అర్థమైంది.

"మరి నాతోని అంటె ఏమయితుండె? నేనేమన్న పరాయోన్నా?"

"పనులే లేని రోజులు అన్నా. చెవులు వినపడవని తెలిస్తె పిలిచేటోళ్లు గూడ పిలువరని భయం ఉంటది గద."

సోమయ్య నూనె గిన్నె పక్కకు జరిపిండు.

"నా మోకాళ్లు పోయినయి చెల్లె," అన్నడు. "నిచ్చెన ఎక్కాలంటె దేవుడు కనపడుతడు. గిన్ని దినాలైంది, ఒక్క మనిషికి చెప్పలె. హోటల్ల అందరం జోకులు కొట్టుకుంట కూసుంటం, ఎవని బాధ వాడు కడుపుల పెట్టుకోని." లేసి నిలబడబోయి, నొప్పికి మళ్ల కూసున్నడు. "చంద్రమ్మ ఆ పని ఇంకా ఎవరికీ ఇయ్యలె. నేను మాట్లాడ్త. కాని ఇమ్మానుయేల్ లేడు గద, నీళ్లు పొయ్యనీకి మనిషి?"

"నేను పోత," అన్నది నూరున్నీసా.

ఖాదర్ మొదలు ఒప్పుకోలె. ఇన్నేండ్లల్ల పని కాడికి ఆమెను తీస్కపోయింది లేదు. బురదల నిలబడే పని అన్నడు, జారి పడతవు అన్నడు. ఆమె వినలె. రెండు దినాలు కూసోని, ఫాల్స్ కుట్టగ మిగిలిన గుడ్డ ముక్కలు తీసి, నడుమ మందంగ దూది పెట్టి, తలకాయ చుట్టూ కట్టుకునేటట్టు ఒక పట్టి కుట్టింది. చెవుల మీద రెండు దిండ్లు వచ్చినయి.

"గిది కట్టుకోని పోతె జనం నవ్వరా?" అన్నడు ఖాదర్.

"నవ్వితె మీకు వినపడదు గద," అన్నది ఆమె. అని, అన్న మాటకు తనే బెదిరి నోటి మీద చెయ్యి పెట్టుకున్నది. ఖాదర్ మాత్రం కడుపు పట్టుకోని నవ్విండు. శానా దినాల తర్వాత ఒకరు అన్న మాటను పూర్తిగ విని నవ్విండు.

చంద్రమ్మ ఇల్లు ఇటిక్యాలల రోడ్డుకు జర లోపలికి ఉంటది. మిరప పండించేటోళ్లు. రోడ్డు పక్కన ఉన్న జాగ అమ్ముడుపోతదని నమ్మి పైఅంతస్తు గూడ మొదలుపెట్టిండ్రు. కొంటనన్నోడు వెనుకకు పోయిండు. పైన పిల్లర్లు మోడులోలె నిలబడి ఉన్నయి. ఇగ కిందనన్న పూర్తి చేసుకోని, వానలు పడకముందల చేరిపోదామని వాళ్ల ఆలోచన.

మిషిన్ స్విచ్ ఏయంగనె నూరున్నీసా ఉలిక్కిపడ్డది. ఆ మోత గోడలకు కొట్టుకోని రెట్టింపయి వచ్చింది. పండ్లు జివ్వుమన్నయి. చేతులల్ల చెంబు పట్టుకోని అట్లనె నిలబడ్డది. ఖాదర్ నీళ్లు పొయ్యమని సైగ చేసిండు. ఆమె పొయ్యలె. ఆయన మిషిన్ ఆపి, కుడి చెవి మీది పట్టి జరిపిండు.

"ఏమైంది?"

"ఇంత మోతలనా?" అన్నది ఆమె. "రోజూ ఇంత మోతలనా మీరు పని చేసింది?"

"మొదలు గట్లనె ఉంటది. తర్వాత అలవాటయితది."

"అలవాటు కాలె. చెవులే పోయినయి," అని ఆమె దగ్గరికొచ్చి, ఆయన తలకాయకున్న పట్టిని ఇంకా బిగించి కట్టింది. ఆయన చిన్నపిల్లగానోలె తలకాయ వంచి నిలబడ్డడు. కొంగుల కట్టుకొచ్చిన దూది తీసి తన చెవులల్ల గూడ పెట్టుకున్నది.

మళ్ల మిషిన్ లేసింది. ఈసారి ఆమె నీళ్లు పోసింది. తెల్లటి బురద తిరుగుకుంట పక్కలకు పారింది. ఎప్పుడు పొయ్యాలె, ఎప్పుడు ఆపాలె అని ఆయన చేతులతోని చూపెట్టిండు. జరసేపట్లనె పట్టుకున్నది. ఆ మోతల ఆమెకు గూడ ఏం వినపడదు. ఇద్దరూ సమానమే. చెయ్యి లేపితె చెయ్యి పలుకుతది. ఒకసారి ఆమె కాలు జారబోతె ఆయన మిషిన్ వదలకుండనె ఒక చెయ్యి చాపి ఆపిండు. ఆమె నవ్వింది. ఆయన గూడ నవ్విండు.

పగటికి ఒక సగం హాలు కడిగి తుడిచిండ్రు. ఆకుపచ్చ, నలుపు కలిసిన బండలు తడిగ మెరుస్తున్నయి. నూరున్నీసా వంగి అరచెయ్యి పెట్టి రాసి చూసింది. గాజు మీద రాసినట్టు జారింది.

"మీరు ఇన్నేండ్లు ఇదా చేస్తుండేది," అన్నది. ఆయన కుడి చెవి కాడికొచ్చి, మామూలు గొంతుతోనె అన్నది. ఆ ఉత్త గదిల ఆ మాట ఆయనకు అందింది. "అవుతల సగం ఇంకా ఉన్నది," అన్నడు.

చంద్రమ్మ జొన్న రొట్టెలు, ఉల్లికారం పట్టుకొచ్చింది. అయిన సగంల ముగ్గురు కూసున్నరు. సోమయ్య ఏమన్న చెప్పి ఉండొచ్చు. ఆమె ఖాదర్‌కు ఎదురుంగ కూసోని, గట్టిగ గాకున్నా, ఒక్కొక్క మాట తేటగ మాట్లాడింది.

"పైన ఎప్పుడు కడుతమో తెల్వదు ఖాదరయ్యా. ఇంట్ల అందరు మొకాలు ఏలాడేసుకున్నరు. సగం ఇల్లు అంటుండ్రు. నేనంటి, సగం గాదు, ఇదే ఇల్లు అని. గిట్ల మెరిసే బండల మీద పండుకునుడు నేనెప్పుడన్న అనుకున్ననా?"

"మంచిగ చేసిస్తమ్మా," అన్నడు ఖాదర్. "మూలలు గూడ చేత్తోని రుద్ది ఇస్త."

రెండో రోజు పొద్దువాటారంగ పని అయిపోయింది. మిషిన్ కడిగి ట్రాలీ ఆటోల ఎక్కిస్తుంటె సోమయ్య ఎవరిదో బండి ఎనుక కూసోని వచ్చిండు. చెప్పులు ఇడిచి లోపలికి పోయి చూసి, తలకాయ ఊపుకుంట బయటికొచ్చిండు. నేరుగ నూరున్నీసా కాడికి పోయిండు.

"చెల్లె, వడ్డేపల్లిల ఒక చిన్న పని ఉన్నది. పెద్దదేం కాదు. పాత ఇల్లు, ఒక్క గది. దాని తర్వాత మళ్ల ఏముందో నాకు తెల్వదు. జర ఖాదర్ భాయ్‌కి చెప్పు..."

తాడు కడుతున్న ఖాదర్ తాడు ఇడిచిపెట్టిండు. ఆయనకు మాటలు అందలె. సోమయ్య పెదవులు తన పేరు పలుకుడు మాత్రం చూసిండు. దగ్గరికొచ్చి నిలబడ్డడు.

"సోమన్నా, నాకు వినపడదు," అన్నడు. ఆ మాట బయటి మనిషి ముందల అనుడు అదే మొదలు. ఆటో డ్రైవర్ తిరిగి చూసిండు. చంద్రమ్మ దర్వాజల నిలబడి విన్నది. ఖాదర్ ఆగలె. "ఆమెకు చెప్పకు. నాకే చెప్పు. ఎదురుంగ నిలబడి, జర మెల్లమెల్లగ చెప్పు."

సోమయ్య ఆయన ఎదురుంగ వచ్చి నిలబడ్డడు. చెయ్యి భుజం మీద ఏసిండు.

"వడ్డేపల్లి. పాత ఇల్లు. ఒక్క గది. సోమారం."

"వడ్డేపల్లి, ఒక్క గది, సోమారం," అని ఖాదర్ మళ్ల చదివినట్టు అన్నడు. "మరి నువ్వు వస్తవా ఆడికి?"

"నా మోకాళ్లు..." అని సోమయ్య నసిగిండు. తర్వాత గట్టిగ నవ్విండు. "మోకాళ్లు పోయినయి ఖాదర్ భాయ్. బస్సెక్కలేను."

"ఆటోల ముందల కూసో. మేం వెనుక మిషిన్‌తోని కూసుంటం," అన్నడు ఖాదర్.